మేకలు పడినాయా, తోలినాడా

(గుత్తిలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



ఆహ్వాన పత్రిక మీద సారు పేరు పెద్దక్షరాల్లో వేశారు. నేను మాత్రం ఈ గంటసేపూ ఆయన్ను సారు అనే అంటాను. గుత్తిలో ఆయన దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాళ్లెవరికీ ఇంకో పేరుకు నోరు తిరగదు. పొగడ్తలు కూడా ఉండవు. ఒకసారి ఇట్లాంటి సంస్మరణ సభలోనే మేమిద్దరం వెనక వరసలో కూర్చున్నాం. వేదిక మీదాయన పోయిన మనిషిని ఆకాశానికెత్తుతున్నాడు. సారు నా చెవి దగ్గరికి వంగి, "తానింత గొప్పోన్నని తెలిసుంటే ఆయన ఇంకొన్నాళ్లు ఉండేవాడు గదప్పా" అన్నారు. అట్లాంటి మనిషి స్మారకోపన్యాసంలో ఆయన్ను పొగిడే ధైర్యం నాకు లేదు.

తొమ్మిదో తరగతిలో ఆయన చెప్పిన ఒక పాఠం గురించి మాట్లాడతాను. పుస్తకంలో లేని పాఠం. ఒకరోజు బోర్డు మీద నాలుగు మాటలు రాశారు: హి బ్రోక్ ది పాట్. తెలుగులో చెప్పమన్నారు. ముందు బెంచీవాడు లేచి "కుండ పగలగొట్టినాడు సార్" అన్నాడు. నా పక్కవానికి అంతకు ముందురోజే ఇంట్లో కడవ చేజారి వీపు వాసి ఉంది. వాడు చెయ్యెత్తి "వాని చేతిలో కుండ పగిలింది సార్" అన్నాడు. తరగతంతా నవ్వింది. సారు నవ్వలేదు. "ఇద్దరిదీ ఒప్పే. ఇంగ్లీషోడు ఈ రెంటికీ ఒకటే మాట వాడతాడు. తేడా కావల్లంటే పక్కన ఇంకో మాట తగిలించుకుంటాడు. మీకు ఆ తేడా క్రియలోనే ఉంది. అటునించి ఇటు వచ్చేటప్పుడు, ఇటునించి అటు పోయేటప్పుడు అది జారిపోకుండా చూసుకోండి" అన్నారు.

ఆ మాట నా బతుకుతెరువు అవుతుందని అప్పుడు నాకు తెలియదు. తర్వాత నేను కోర్టు అనువాదకుణ్ణయ్యాను. కింది కోర్టులో తెలుగులో రాసుకున్న సాక్ష్యాలను పై కోర్టు కోసం ఇంగ్లీషు చెయ్యడం నా పని. సాక్షి ముఖం కనపడదు, గొంతు వినపడదు. ఎవరో రాసిన కాగితం, ఒక టైపు మిషను, ఒక నిఘంటువు. జీతం తీసుకుని ఇన్నేళ్లు చేసినపని ఒక్కమాటలో చెప్పమంటే, పగిలిన కుండలనూ పగలగొట్టిన కుండలనూ వేరుచెయ్యడం.

కుండలకంటే మేకలే ఎక్కువ వచ్చేవనుకోండి. మన సీమలో వానలు రెండేళ్లు ముఖం చాటేస్తే ముందు తగ్గేది గడ్డి, తర్వాత పెరిగేది మేకల తగాదాలు. బోరు కింద ఎకరం పచ్చగా ఉంటే చుట్టూ పదూళ్ల మేకల కళ్లు దాని మీదే. అట్లాంటి ఒక తగాదా నష్టపరిహారం దావాగా మొదలై, రెండో అప్పీలు దాకా పోయింది. మేకల విలువెంత, ఖర్చెంత అని మీరు అడగొద్దు. పంతం ముందు మేకలేపాటి! ఆ కాగితాలు నా బల్ల మీదికొచ్చాయి. పక్కచేను ముసలామె సాక్ష్యం రెండే వాక్యాలు: "మేకలు చేన్లో పడినాయి సామీ. ఈయప్ప గట్టు మీద కూచోని చూస్తా ఉండె."

ఆ రెండు వాక్యాలను నేనేం చేశానో చివర్లో చెబుతాను.

ముందు ఇంగ్లీషు వాళ్ల మాటల సంచీ ఒకసారి విప్పుదాం. ఒకపని కావాలని చేశాడు అనడానికి వాళ్లకు చాలా మాటలున్నాయి. ఇంటెన్షనల్లీ, డెలిబరేట్లీ, ఆన్ పర్పస్, నోయింగ్లీ, విల్‌ఫుల్లీ, వాలంటరిలీ. నిఘంటువు తీస్తే ఒకదానికి ఇంకొకటి అర్థంగా కనిపిస్తుంది. ఒక ఇంటి తాళంచెవి ఇంకో ఇంట్లో, ఆ ఇంటిది మళ్లీ మొదటింట్లో దాచినట్టు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అన్నిటికీ 'ఉద్దేశపూర్వకంగా' అని కొట్టేసేవాణ్ణి. అదొక సర్వరోగ నివారిణి. ఇప్పటికీ పత్రికలవాళ్లు ఆ సీసా మూత పెట్టలేదు.

ఆ మాటలను విడదీసి చూసినవాడు ఆక్స్‌ఫర్డు తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్. ఆయన 1960లో చనిపోయాడు. పోయిన ఆరేళ్లకు అచ్చయిన ఒక వ్యాసానికి పెట్టిన పేరు, తెలుగులో చెప్పాలంటే, సిరా ఒలకబోయడంలో మూడు పద్ధతులు. ఇంటెన్షనల్లీ, డెలిబరేట్లీ, ఆన్ పర్పస్ అనేవే ఆ మూడు పద్ధతులు. సారు దగ్గర దాని నకలు ఉండేది. ఆయనకు అందులో బాగా నచ్చింది మన పంట ప్రస్తావన. జంతు ప్రదర్శనశాలలో పెంగ్విన్లకు ఏమీ పెట్టరాదని బోర్డు ఉంది. ఒకాయన వాటికి బుడ్డలు వేశాడు. బుడ్డలు అనండి, శెనక్కాయలు అనండి. అవి తిని పక్షులు చచ్చాయి. ఇప్పుడు ఆస్టిన్ అడుగుతాడు. ఆయన ఇంటెన్షనల్లీ వేశాడా? వేశాడు, అందులో అనుమానం లేదు. దోవన పోతూ జేబులోంచి జార్చుకునే రకం కాదు. డెలిబరేట్లీ వేశాడా? ఆ ప్రశ్న రాగానే, ఆయన బోర్డు చదివాడా అనే ఇంకో ప్రశ్న పుడుతుంది. ఆన్ పర్పస్ వేశాడా? అప్పుడు పక్షులు చస్తాయని ఆయనకు ముందే తెలుసేమో అనే వాసన వస్తుంది. చేసిన పని ఒకటే, పిడికెడు బుడ్డలు విసరడం. మాట మారినకొద్దీ మనం ఆ మనిషి మనసులో వేరే వేరే గదుల తలుపులు తడుతున్నాం.

ఒక్కోమాటకు ఒక్కో పుట్టుక. డెలిబరేట్ అనే మాటలో లాటిన్ తక్కెడ ఉంది. ఇటూ అటూ తూచి, ఆలోచించి చెయ్యడం. పర్పస్ అంటే ఎదురుగా పెట్టుకున్న గురి. ఇంటెన్షన్‌లో సాగదీయడం, ఒకవైపుకు చాపడం ఉంది. ఈ ఇంటెన్షన్ గురించి ఆస్టిన్ ఒక పోలిక చెబుతాడు. గనిలోకి దిగేవాని నెత్తికి కట్టుకున్న దీపం లాంటిదట. కొంతదూరం ముందుకు వెలుగు పడుతుంది, అంతకు మించి చీకటే. మన రామగిరి బంగారు గనుల్లో పనిచేసినవాళ్లకు ఈ పోలిక వేరే చెప్పనక్కరలేదు. మనిషి చేస్తున్నది తనకు తెలుస్తూనే ఉంటుంది, కానీ ఎంతదూరం తెలుస్తుంది అనేదే తగాదా. మేకలను గట్టు దాటించేవానికి పంట తింటాయని తెలుసు. ఆ పంట మీద అవతలివాడు కూతురి పెండ్లి ముహూర్తం పెట్టుకున్నాడని తెలుసా?

చట్టానికి ఇంత తీరిక లేదు. అయినా మన శిక్షాస్మృతి రాసినవాళ్లు ఈ విషయంలో గట్టివాళ్లు. మెకాలే ముసాయిదా 1837 నాటికే తయారైంది. చట్టంగా ఆమోదం 1860లో, అమలు 1862 జనవరి 1 నుంచి. అందులోని ఉదాహరణలు నాకు కథల పుస్తకం లాగా ఉండేవి. పొదలో మనిషి ఉన్నాడని తెలియక, కోడిని కాల్చి ఎత్తుకుపోదామని ఒకడు తుపాకి పేలుస్తాడు, పొదలో మనిషి చస్తాడు. ఇంకొకడు గొడ్డలితో పని చేసుకుంటూ ఉంటే కామునుంచి గొడ్డలి ఊడి పక్కవానికి తగులుతుంది. ఒకడు గుంత మీద పుల్లలు, గడ్డిపెళ్లలు పరుస్తాడు. మంచుగడ్డలు దాచిన కొట్లోకి నీళ్లు వదిలి అవతలివాని మంచును కరగబెట్టేవాడొకడు. మద్రాసులో అమెరికా నుంచి ఓడల్లో మంచు దిగిన రోజుల మాట అది. వీళ్లందరి పక్కన మన మేకలవాడి సోదరుడు కూడా ఉన్నాడు. అవతలివాని చేలోకి పశువులను తోలి, పైరు నష్టం కావాలనీ, అవుతుందని తెలిసీ చేస్తే అది నేరమని 425వ సెక్షను కింద ఉదాహరణ ఇచ్చారు. అక్కడ 'కావాలని' ఒకటీ 'తెలిసీ' ఒకటీ. రెండు వేరువేరు ఇంగ్లీషు మాటలు. ఆ తేడా తెలుగులో చాలా హాయిగా వస్తుంది. ఒక మాట కూడా సంస్కృతం నుంచి అరువు తేవక్కరలేదు.

ఇబ్బంది వాలంటరిలీ దగ్గర వస్తుంది. ఇంగ్లీషులో అది చాలామందికి 'ఇష్టపూర్వకంగా' అనిపిస్తుంది. చట్టం మాత్రం 39వ సెక్షనులో దానికి తన సొంత అర్థం చెప్పుకుంది. ఫలితం కోరి చేసినా, ఫలితం రావచ్చని తెలిసి చేసినా, అట్లా నమ్మడానికి కారణం ఉండి చేసినా అది వాలంటరిలీ చేసినట్టే. దోపిడీ సులువు కావడానికి పెద్ద ఊళ్లో రాత్రిపూట, మనుషులున్న ఇంటికి నిప్పుపెట్టాడు. ఒకరు కాలి చచ్చారు. చంపాలని వానికి లేకపోవచ్చు, చచ్చారని తెలిసి కళ్లనీళ్లు కూడా పెట్టుకోవచ్చు. అయినా మనిషి చచ్చే అవకాశం ఉందని తెలిసి పెట్టాడు కాబట్టి ఆ చావు వాలంటరిలీ కలిగించిందే. దీన్ని 'స్వచ్ఛందంగా' అని తెలుగు చేస్తే ఏమవుతుందో చూడండి. స్వచ్ఛందంగా గాయపరిచాడు అంటే, ఎవరూ పిలవకపోయినా సేవాభావంతో వచ్చి కొట్టిపోయాడన్నట్టుంటుంది. నేను ఈ ముక్క చెప్పినప్పుడు సారు చాలాసేపు నవ్వి, "వానికి శాలువా కప్పాల్సింది" అన్నారు. 2024 జులై 1 నుంచి పాత స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గానీ వాలంటరిలీ అర్థం కదల్లేదు. మన అనువాదం కష్టమూ కదల్లేదు.

ఇక తెలుగు సంగతి. సారు బోర్డు మీద చెప్పిన తేడాను ఆయన తర్వాత నేను చాలా ఏళ్లు ఏరుకుంటూ పోయాను. పగిలింది, పగలగొట్టాడు. విరిగింది, విరిచాడు. తెగింది, తెంపాడు. చిరిగింది, చింపాడు. ఆరింది, ఆర్పాడు. ఒలికింది, ఒలకబోశాడు. మొదటి వరసలో మనిషి లేడు, రెండో వరసలో ఉన్నాడు. మనిషి ఉండీ తప్పు లేకపోతే, వాణ్ణి వాక్యంలో ఓ మూలకు నెట్టి 'వాని చేతిలో' అంటాం. ఇంత సూక్ష్మం ఇంగ్లీషు క్రియకు సాధారణంగా లేదు. అందుకే దానికి ఆ మాటల సంచీ కావాల్సి వచ్చిందని నా అనుమానం. వ్యాకరణ పండితులు ఒప్పుకోకపోవచ్చు. ఇది టైపు మిషను ముందు పుట్టిన సిద్ధాంతం.

దీనికి ఎదురు నిలిచేవి కూడా ఉన్నాయి. వేలు కోసుకున్నాడు అంటాం. ఎవడైనా కావాలని కోసుకుంటాడా? ఉంగరం పోగొట్టుకుంది అంటాం. కాలు విరగ్గొట్టుకున్నాడు అంటాం. క్రియ రెండో వరసదే, ఉద్దేశం మాత్రం సున్న. అక్కడ 'కొను' చేరి పని చేసినవాని మీదికే తిప్పింది, కొంచెం తప్పును కూడా వాని ఒళ్లోనే వేసింది. చూసుకోవద్దా, జాగ్రత్తగా ఉండొద్దా అనే తల్లి గొంతు ఆ క్రియలో వినపడుతుంది. ఇంగ్లీషువాడు నెగ్లిజెన్స్ అనే పెద్ద మాట వాడి చెప్పేదాన్ని మనం రెండక్షరాల్లో విసుక్కుంటాం.

ఇక 'కావాలని' అనే మాటనే తీసుకోండి. దాన్ని విడదీస్తే కావాలి, అని. 'అని' అన్నాక అది మాటే, ఎవరో అన్నమాట. తెలుగువాడు ఇంకొకరి ఉద్దేశాన్ని చెప్పాల్సొస్తే వాని లోపలి మాటను ఉదహరిస్తాడు. కొట్టాలని పోయినాడు. చంపాలని ఎత్తినాడు. ఇంగ్లీషు మాట పనికి రంగు పూస్తుంది. తెలుగు మాట పనిచేసినవాని నోట్లోంచి వాక్యం లాగుతుంది. ఇది కోర్టులో ప్రాణం తీస్తుంది. సాక్షి "చంపాలనే పొడిచినాడు సామీ" అంటాడు. ఎదుటి వకీలు లేచి, "వాడు నీతో చెప్పినాడా చంపుతానని?" అంటాడు. సాక్షి నోరు తెరుస్తాడు. వాని భాషలో అది మామూలు మాట, వకీలు దాన్ని అక్షరాలా పట్టుకున్నాడు. ఈ ఆట నేను కాగితాల మీద ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దీనికి జవాబులాంటిది 1958లో విర్సా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చింది. ఈటెపోటు కేసు అది. చంపాలని ఉందా లేదా అని మనసులో తవ్వక్కరలేదు, ఆ చోట ఆ గాయం చెయ్యాలని ఉందా, ఆ గాయం మామూలుగా ప్రాణం తీసేదేనా, అంతవరకు చూస్తే చాలన్నారు. ఉద్దేశం మనసులోంచి ఈటె మొనకు దిగింది.

మన మాటల్లో ఇంకో వింత ఉంది. 'కావాలని' చెడ్డ పనులకే అతుకుతుంది. కావాలని తోశాడు, కావాలని ఆలస్యం చేశాడు. కావాలని అన్నం పెట్టాడు అని చూడండి, ఆ అన్నంలో ఏదో కలిపినట్టుంటుంది. మంచిపనికి కోరి, పిలిచి, మనసారా అంటాం. 'పనిగట్టుకొని' కూడా ఎక్కువగా దెప్పడానికే. 'చేతులారా' మాత్రం రెండువైపులా పదునుంది. చేతులారా పెంచినవాడూ ఉన్నాడు, చేతులారా చెడగొట్టుకున్నవాడూ ఉన్నాడు. ఈ వింతను అమెరికాలో జాషువా నోబ్ అనే తత్వవేత్త 2003లో ఇంకోదారిలో పట్టుకున్నాడు. ఒక కంపెనీ అధిపతికి లాభం తప్ప ఇంకేదీ పట్టదు. కొత్త పథకం వల్ల పర్యావరణానికి హాని జరుగుతుందని చెప్పినా కానివ్వమన్నాడు. హాని జరిగింది. ఇంటెన్షనల్లీ చేశాడా అని అడిగితే 82 శాతం మంది చేశాడన్నారు. అదే కథలో హాని తీసేసి మేలు పెట్టి, అధిపతి అప్పుడు కూడా పట్టించుకోలేదని చెప్పి అడిగితే, మేలును ఇంటెన్షనల్లీ చేశాడన్నవాళ్లు 23 శాతం. నోబ్ దీన్ని పార్కులో మనుషులను ఆపి అడిగి తెలుసుకున్నాడు. మన అవ్వలు ఆ పార్కుకు పోకుండానే మాటలను రెండు గంపల్లో వేరుచేసి పెట్టారు. పాత ధర్మశాస్త్రాలు కూడా పాపాన్ని తెలిసి చేసింది, తెలియక చేసింది అని విడదీసి ప్రాయశ్చిత్తాలు వేరుగా పెట్టాయి. 'బుద్ధిపూర్వకంగా' అనే మాట మనకు ఆ గుమ్మంలోంచే వచ్చింది.

ఇప్పుడు గుత్తికి రావాలి. రాకుండా పోతే సారు ఊరుకోరు. కోట కింద మన్రో సమాధి కథ మీ అందరికీ తెలిసిందే. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు, గుత్తిలో పూడ్చారు, 1831లో మద్రాసుకు మార్చారు. దత్తమండలాల కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. ఇంకో స్మారకం కూడా ఈ ఊళ్లో ఉంది. అది గేటుకీపరు హంపన్నది. సారు మమ్మల్ని మన్రో సమాధికి ఎప్పుడూ తీసుకుపోలేదు. హంపన్న దగ్గరికి తీసుకుపోయారు.

1893 అక్టోబరు 4. గుంతకల్లు. ఇద్దరు ఆడవాళ్లను తెల్ల సిపాయిలు వెంటాడారు. రైల్వే గేటు కాసే హంపన్న వాళ్లకు అడ్డం పడ్డాడు. తుపాకి గుండు తగిలింది. ప్రాణం పోయింది. కేసును పట్టుకుని పోరాడినవాడు మన గుత్తి ప్లీడరు, 1885లో బొంబాయిలో మొదటి కాంగ్రెసు సభకు పోయిన కేశవ పిళ్ళె. నిందితుడు మాత్రం మద్రాసులో నిర్దోషిగా బయటపడ్డాడు.

ఆ స్మారకం ముందు నిలబెట్టి సారు అడిగిన ప్రశ్న ఇదీ. "తుపాకి పేలింది. తుపాకి పేల్చినాడు. హంపన్నను కాల్చినాడు. హంపన్నను కాల్చి చంపినాడు. ఇందులో ఏది రాస్తారు?" మేం నాలుగో వాక్యమే అని అరిచాం. "జూరీకి ఏది వినపడుంటుంది?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఆ నాలుగు వాక్యాలూ నాలుగు మెట్లు. ఒక్కోమెట్టు దిగినకొద్దీ మనిషి మాయమవుతాడు, చివర్లో తుపాకి ఒంటరిగా మిగులుతుంది. ఆ కాలంలో యూరోపియన్ నిందితునికి, జూరీలో కనీసం సగంమంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలని కోరే హక్కుండేది. ఏ మెట్టు మీద ఆగాలో నిర్ణయించేవాళ్లు ఎవరో మీరే ఊహించండి.

ఆ రోజుల్లో ఇంకోరకం మెట్టు కూడా ఉండేది. తెల్లదొర నౌకర్ను కొడతాడు, నౌకరు చస్తాడు, వైద్యుడు ప్లీహం ఉబ్బి ఉండి పగిలిందని రాస్తాడు. 1875లో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు వకీలు తన గుర్రపువాణ్ణి కొట్టాడు. వాడు చచ్చాడు. ఫుల్లర్‌కు పడింది 30 రూపాయల జుర్మానా. ఎంత తక్కువంటే, వైస్రాయి లిట్టన్ స్వయంగా దాన్ని తప్పుపడుతూ రాయాల్సి వచ్చింది. మలేరియా నేలలో ప్లీహం ఉబ్బని పేదవాడు అరుదు. చట్టంలో దీనికి జాగా ఉంది. జబ్బు ఉందని తెలిసి కొడితే ఒక లెక్క, తెలియక కొడితే ఒక లెక్క అని ఉదాహరణే రాశారు. ఉదాహరణ రాసినవాళ్లను తప్పుపట్టలేం. దాన్ని ఎవరు ఎవరి మీద వాడారు అనేదే గొడవ. 'ప్లీహం పగిలింది' అనే వాక్యం మొదటి వరసది, మనిషి లేనిది. ఇంగ్లీషు డాక్టరు సర్టిఫికెట్టుకు తెలుగు వ్యాకరణం చక్కగా సరిపోయింది చూడండి.

ఇక్కడ తెలుగును వెనకేసుకొచ్చే నా వాదం కొంచెం కుంటుతుంది. మనిషిని మాయం చెయ్యడం మనకూ బాగానే తెలుసు. ఇప్పటి వార్తల్లో 'కాల్పులు జరిగాయి' అని రాస్తారు. ఎవరు జరిపారు? జరిగాయి. 'పొరపాటు జరిగింది', 'లాఠీచార్జి జరిగింది'. వాన కురిసినట్టు. మన తాతలకు ఈ 'జరిగింది' ఇంతగా తెలియదనుకుంటా. ఆఫీసు తెలుగు పుట్టాక అది ప్రతి ఫైలులోనూ మొలిచింది.

హంపన్న గురించి ఇంకొక్క మాట. సిపాయి చేసిన పనికి ఏ మాట వాడాలో చాలామంది తగాదా పడ్డారు. హంపన్న చేసిన పనికి ఏమాట వాడాలి? కావాలని చేశాడు అంటే తప్పు చేసినట్టుంటుంది. ఉద్దేశపూర్వకంగా అంటే ప్రెస్ నోటులా ఉంటుంది. జనం వాడే మాట 'అడ్డం పడినాడు'. పడు అనేది తెలుగులో మనిషి చేతిలో లేనివాటికి వాడే క్రియ. కాయ పడుతుంది, వాన పడుతుంది, మనిషి జారి పడతాడు. అదే క్రియ ఇక్కడ తుపాకి ముందు నిలబడ్డ మనిషికి అతికింది. కష్టపడతాం, ఇష్టపడతాం, తెగించి ముందుకు పడతాం. వీటిలో ఎంత మన చేతిలో ఉంది, ఎంత మనల్ని తోసుకుపోయింది అని తూచడం కష్టం. ఆస్టిన్ తక్కెడ ఇక్కడికి అందదు. హంపన్న ఆ నిమిషంలో తూచి ఉండడు. తక్కెడ వెతికే టైము లేదు. అయినా అంతకంటే కావాలని చేసినపని ఈ తాలూకా చరిత్రలో ఇంకోటి నాకు కనపడదు. బోర్డు మీద ఆ రోజు చెప్పిన రెండు వరసల్లో ఈ మాట ఏ వరసలోనూ ఇమడదని నేను ముప్పై ఏళ్ల తర్వాత సారుతో అన్నాను. "ఇమడదు" అన్నారు. "తొమ్మిదో తరగతికి అంతే చాలు. మిగతాది నీకు జీతమిచ్చి నేర్పించినారు గదా."

సరే, మేకలు.

ముసలామె అన్నది "మేకలు చేన్లో పడినాయి". నేను టైపు కొట్టింది 'ది గోట్స్ స్ట్రేడ్ ఇంటూ ది ఫీల్డ్'. స్ట్రేడ్ అంటే దారి తప్పి పోవడం, మందనుంచి విడిపోయి తిరగడం. చాలా అందమైన ఇంగ్లీషు. అప్పట్లో నాకు ఆ మాట మీద కొంచెం మోజు కూడా ఉండేది. రెండో వాక్యాన్ని 'ది డిఫెండెంట్ వాజ్ సిట్టింగ్ ఆన్ ది బండ్ అండ్ లుకింగ్ ఆన్' అని కొట్టాను. కాగితాలు మద్రాసు రోడ్డు మీద పోయే లారీల్లాగా నా బల్ల దాటి పోయాయి. కొన్నేళ్ల తర్వాత వేరే పని మీద ఆ కేసు కాగితాలు మళ్లీ నా చేతికొచ్చాయి. మేకలవాని తరఫు వాదనంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది: స్ట్రేడ్. దారితప్పిన పశువుకు యజమాని ఏం చేస్తాడు, ఆయన ఉద్దేశం ఎక్కడుంది అని. ఆమె ఆ మాట అనలేదు. నేనన్నాను.

ఆ రాత్రి సారు ఇంటికి పోయి చెప్పాను. ఆయనకప్పటికి చూపు తగ్గింది. కాగితం చదివి వినిపించమన్నారు. తెలుగు ఒకసారి, ఇంగ్లీషు ఒకసారి చదివాను.

"'పడినాయి'కి స్ట్రేడ్ అని నీకెవరు చెప్పినారు?"

"నిఘంటువులో కూడా..."

"గాట్ ఇంటూ అనింటే సరిపోయేది. మేకను తప్పు పట్టదు, మనిషిని విడిచిపెట్టదు. ఆమె కూడా అంతే అన్నింది. మేకలు పడినాయి. తోలినాడో లేదో ఆమె చూళ్లేదు, కాబట్టి తోలినాడనలేదు. చూసిందాన్ని మాత్రం రెండో వాక్యంలో పెట్టింది. చూస్తా ఉండె. నువ్వు మొదటి వాక్యంలోనే ఆయప్పను ఇంటికి పంపించేసినావు, ఇంక రెండోదాన్ని ఎవరు చదువుతారు?"

చట్టంలో చెయ్యడం అంటే, చెయ్యాల్సింది చెయ్యకుండా ఉండటం కూడా అని 32వ సెక్షను చెబుతుందని నేను అన్నాను. ఏదో ఒకటి తెలుసని చూపించుకోవాలి గదా. సారు ఆ మాట పట్టించుకోలేదు. గ్లాసులో నీళ్లు తాగి, కాసేపు ఆలోచించి అడిగారు.

"గట్టు మీద కూచోనున్నాడు గదా, చేతిలో కట్టె ఉండెనా?"

ఇంటికొచ్చి కాగితాలన్నీ మళ్లీ మొదటినుంచి తిప్పాను. ముసలామె సాక్ష్యం, మిగతా ముగ్గురిది, ఇద్దరు వకీళ్ల ప్రశ్నలు. కట్టె సంగతి ఎవరూ అడగలేదు.